అమ్మ మీద పెట్టిన గ్లాసులు

ఆ ఏడు చలికాలంలో మా రారోటోంగా దీవిలో ఎటు చూసినా పెళ్ళికూతుళ్ళే. ఆక్లండు నుంచీ సిడ్నీ నుంచీ గౌన్లు భుజాన వేసుకుని విమానాలు దిగేవాళ్ళు. స్కూటరేసుకుని బయల్దేరితే గంటలో దీవంతా చుట్టి రావచ్చు. ఏ శనివారం అలా చుట్టినా నాలుగైదు చోట్ల ఇసకలో తెల్ల కుర్చీలు కనబడేవి. పెళ్ళి చేసుకోనివాళ్ళు ఇంక ఆ దేశాల్లో ఎవరైనా మిగిలారా అని మా పెద్దమ్మ అడిగేది.

నేను ఆ పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాను. నా పేరు అకైతి. అంతకుముందు పడమటి ఒడ్డున వేరేవాళ్ళకి తీసేదాన్ని. ఆ మే నెలలో, మాకు చలికాలం మొదలయ్యేప్పుడు, డారిల్ హోబ్స్ పిలిచాడు.

డారిల్‌ది పెళ్ళిళ్ళు చేయించే కంపెనీ. మందారాల చొక్కా, చెవి మీద తెల్లటి తియారే పువ్వు, నోట్లో మా భాష ముక్కలు నాలుగు. ఎవరు ఎదురొచ్చినా "మనమంతా ఒకే కుటుంబం" అనేవాడు. మా ఊరు టిటికవేకాలో మా ఒడ్డు నేలని మావాళ్ళు అతనికే కౌలుకిచ్చారు. అక్కడే అమ్మ సమాధి ఉంది. మేం పోయినవాళ్ళని ఇంటి ముందే పెట్టుకుంటాం, ఎక్కడికో పంపేయం. తుఫానుకి ఒడ్డు మీద ఇల్లు పోయాక మేం రోడ్డుకి కొండ వైపు కట్టుకున్నాం గానీ అమ్మ అక్కడే ఉండిపోయింది. సమాధీ, దాని చుట్టూ చోటూ, అక్కడికెళ్ళే దారీ మావేనని కౌలప్పుడే పెద్దలంతా మాట అనుకున్నారు. డారిల్ గుండె మీద చెయ్యి వేసుకుని మరీ ఒప్పుకున్నాడు.

డారిల్‌కి తీసిన మొదటి పెళ్ళినాడు కెమెరా సంచీ తగిలించుకుని మా ఒడ్డుకి నేనే అతిథిలా వెళ్ళాను. కుర్చీలు, పూల పందిరి, బుల్లి గిటారులాంటి ఉకులెలే వాయించేవాళ్ళు, అన్నీ బాగున్నాయి. కొంచెం పక్కగా, నేల దాకా తెల్లగుడ్డ జారేలా కప్పిన బల్ల. దాని మీద వరసగా షాంపేను గ్లాసులు, మధ్యలో ఐసు తొట్టి, ఒక కొసన పెద్ద పూలగుత్తి. బల్ల మీద వెలుగు బాగా పడుతోందని ఒక ఫొటో తీశాను కూడా. తీశాక, అమ్మ ఎక్కడా అని చూశాను. వంగిన కొబ్బరిచెట్టు ఉంది. దాని పక్క తమను చెట్టు ఉంది. ఆ రెండింటికీ మధ్య ఉండాల్సింది అమ్మే. అక్కడ ఉన్నది బల్ల.

దగ్గరికెళ్ళి గుడ్డ అంచు ఎత్తాను. తెల్ల టైల్సు. నాన్న, నేను మోకాళ్ళ మీద కూచుని ఒక్కొక్కటీ అతికించినవి. పూలగుత్తి వెనకాల, తలవైపు రాతిలో బిగించిన అమ్మ ఫొటో. ఐసు కరిగి నీళ్ళు అటే కారుతున్నాయి.

"అందంగా లేదూ?" వెనక నుంచి డారిల్ అన్నాడు.

"ఇది మా అమ్మ సమాధి."

"తెలుసులే. మీ నాన్ననడిగాను. పెట్టుకోమన్నారు."

"ఏం పెడతానని అడిగారు?"

"పూలు."

"పూలన్నారు. గ్లాసులని చెప్పారా?"

అతను గొంతు తగ్గించాడు. "అకైతీ, అంత ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్ళకి ఎదురుగా సమాధి కనబడితే మొహాలు వేలాడేస్తారు. కప్పేస్తే అందరికీ సుఖం. మీ అమ్మకి మాత్రం ఏం తక్కువ? ఒక్కత్తీ పడుండే బదులు వారం వారం కాలక్షేపం!"

అని నవ్వాడు. నా భుజం తట్టి, వచ్చే జనానికి ఎదురెళ్ళాడు. పెళ్ళికొడుకు తండ్రి ఆ బల్ల ఏమిటని అడిగితే, ఇక్కడివాళ్ళు అతిథుల కోసం కట్టుకునే రాతి అరుగు అని చెప్పడం నా చెవులారా విన్నాను.

ఆ పెళ్ళికి ఫొటోలన్నీ తీశాను.  కాలక్షేపం అన్న మాట ఆ సాయంత్రమంతా చెవిలో చీమలా తిరిగింది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వస్తూ నాన్న ఎప్పటిలాగే ఒడ్డుకి దారితీశాడు. ఆయన పేరు మొయెరోవా. మోకాలు అరిగిపోయింది. శనివారాలు పెళ్ళివాళ్ళకి అడ్డం రావద్దని డారిల్ మర్యాదగా అడిగితే సరేనన్నాడు, అందుకని ఆదివారమే వెళ్ళేవాడు. గుడ్డా గ్లాసులూ తీసేశారు. పూలగుత్తి మాత్రం సమాధి మీద వదిలారు.

"చూశావా కూరా, ఈ వారం గులాబీలొచ్చాయి నీకు," అన్నాడు నాన్న అమ్మతో, ఆమెని పేరు పెట్టి పిలుస్తూ. నాకేసి తిరిగి, "తెల్లవాళ్ళని ఏమేమో అంటాం గానీ తల్లీ, ముక్కూ మొహం తెలియని మనిషికి వారం వారం పూలు పెట్టేవాళ్ళు ఎవరుంటారు చెప్పు?" అన్నాడు. సమాధి అంచున కూచుని, తల వంచి ప్రార్థన చేశాడు. వాళ్ళ కోసం కూడా చేశాడు.

చెబుదామని నోరు తెరిచాను. మూసుకున్నాను.

క్షమించడంలో మా నాన్న దేవుడికన్నా తొందర. పడవ మోటారు ఎత్తుకుపోయినవాడు దొరికితే, వాడికి మోటారుతో పాటు పెట్రోలు కూడా ఇచ్చి పంపిన మనిషి. ఇప్పుడు నేను చెబితే కాసేపు కళ్ళు తుడుచుకుంటాడు. డారిల్ వచ్చి సారీ చెబుతాడు. నాన్న అతన్ని కూచోబెట్టి చేప వడ్డిస్తాడు. అంతటితో అయిపోతుంది. అమ్మ నెత్తిన ఐసునీళ్ళు కారడం ఒక పూట భోజనంతో చెల్లిపోతుంది.

నేను అమ్మ తరఫు దాన్ని. అంత చవగ్గా పోనివ్వదలుచుకోలేదు.

ఆ సీజనంతా డారిల్ పిలిచినప్పుడల్లా వెళ్ళాను. "నీ అంత బాగా ఎవరూ తియ్యరు" అనేవాడు. పెళ్ళివాళ్ళవి వాళ్ళకి తీసిచ్చేదాన్ని. ఒక్క ఫొటో మాత్రం ప్రతిసారీ నాకోసం తీసుకునేదాన్ని. అమ్మ మీద మోచెయ్యి ఆనించి కబుర్లాడుతున్న ముసలాయన. అమ్మ మీద కూచుని కాళ్ళూపుతున్న పూలబుట్ట చిన్నపిల్ల. అమ్మ కాళ్ళ దగ్గర బూటు పెట్టి ఇసక దులుపుకుంటున్న తోడిపెళ్ళికొడుకు. వాళ్ళెవరికీ తెలియదు, వాళ్ళ తప్పు లేదు. తెలిసినవాడు ఒక్కడే. వాడు ప్రతి ఫొటోలోనూ ఏదో ఒక మూల చెవిలో పువ్వుతో నవ్వుతూ ఉండేవాడు.

జూలైలో డారిల్ పొంగిపోతూ చెప్పాడు. ఆగస్టులో తన కూతురు బ్రయొనీ పెళ్ళి, ఇక్కడే, ఇదే ఒడ్డున. ఆక్లండు నుంచి పెళ్ళిళ్ళ పత్రికవాళ్ళు వస్తారట. "నువ్వే తియ్యాలి. ఇంకెవరినీ నమ్మను."

"తప్పకుండా తీస్తాను డారిల్," అన్నాను. మొదటి పెళ్ళి తర్వాత అతనితో నేనన్న ఒకే ఒక్క నిజం అది.

ఆ రోజే పెద్దమ్మ ఇంటికెళ్ళాను. అమ్మకి అక్క. పేరు నూరోవా. చర్చిలో ఆడవాళ్ళ పాటకి మొదటి గొంతు ఆవిడదే. ఆవిడ ఎత్తుకుంటే కిటికీ అద్దాలు బెదురుతాయి. వసారాలో చాప మీద కూచుని కొబ్బరి మొవ్వాకు చీలికలతో ఆదివారం టోపీ అల్లుతోంది. కెమెరా తెరిచి చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఇదెవడి మోచెయ్యే?"

"పెళ్ళికూతురి తాతగారిది."

"దేని మీద ఆనించాడు?"

నేను బొత్తం నొక్కాను. తర్వాతి ఫొటో చూసింది. ఆ తర్వాతది చూసింది. కొబ్బరిచెట్టూ తమను చెట్టూ గుర్తుపట్టింది. అల్లుతున్న టోపీ పక్కన పెట్టింది.

"నడు. ఇప్పుడే వెళ్ళి ఆ గుడ్డ పీలికలు చేస్తా. ఆ డారిల్‌గాణ్ణి అదే గుడ్డలో చుట్టి సముద్రంలో పారేస్తా."

"వద్దు పెద్దమ్మా. ఇవాళ గుడ్డ చింపితే ఎవరో ఏమీ ఎరగని పిల్ల ఏడుస్తుంది. వాడు సారీ చెబుతాడు. నాన్న వాడికి అన్నం పెడతాడు."

"పెడతాడు," అంది పెద్దమ్మ కసిగా. "ఆ మొద్దు కచ్చితంగా పెడతాడు. మరైతే?"

"ఆగస్టులో వాడి కూతురి పెళ్ళి. అక్కడే."

పెద్దమ్మ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "నువ్వు కూరా కూతురివి కాదే. నా కూతురివి," అంది. మళ్ళీ టోపీ చేతిలోకి తీసుకుంది. "చచ్చిపోయిన చెల్లెలికి పాట పాడుకోడానికి నాకు ఒకడి అనుమతెందుకు? దారి మనది, సమాధి మనది. మన చర్చి ఆడవాళ్ళందరికీ కబురు పెడతా. మీ నాన్నకి నేను చెప్పుకుంటా. నువ్వు నీ కెమెరా చూసుకో."

"నాన్నకి గ్లాసుల సంగతి చెప్పకు."

"చెప్పను. చూస్తే చూస్తాడు."

బ్రయొనీ పెళ్ళికి రెండ్రోజుల ముందు వచ్చింది. మంచి పిల్ల. నిజంగా మంచి పిల్ల. "ఇక్కడ పాతకాలపు రాతి అరుగు ఒకటుందట కదా, నాన్న చెప్పాడు. దాని మీద కేకు కొయ్యాలని నా సరదా," అంది. నేను వెలుగు ఎటు నుంచి వస్తుందో చెప్పి ఊరుకున్నాను.

పెళ్ళిరోజు మధ్యాహ్నం గాలి లేదు. సముద్రం పళ్ళెంలో పోసినట్టుంది. పత్రికావిడ గొడుగు కింద కూచుంది. అమ్మ మీద ఈసారి రెండు వరసల గ్లాసులు, మధ్యలో మూడంతస్తుల కేకు. పాస్టరు గొంతు సవరించుకున్నాడు. బ్రయొనీ తండ్రి చెయ్యి పట్టుకుని కొబ్బరిచెట్ల మధ్య నుంచి రావడం మొదలెట్టింది.

అప్పుడు మందార కంచె వెనకాల దారిలో తెల్ల టోపీలు కనబడ్డాయి. ఒకటి, పది, నలభై. అందరూ చర్చి బట్టల్లోనే. చేతుల్లో చాపలు, విసనకర్రలు, పాటల పుస్తకాలు. ముందు పెద్దమ్మ. ఆవిడ పక్కన నల్లకోటు వేసుకుని, కర్ర పొడుచుకుంటూ నాన్న. తియారే దండ ఒకటి చేతిలో ఉంది. అమ్మకి ప్రార్థన అనే చెప్పింది పెద్దమ్మ. తెల్లవాళ్ళు కూడా ఉంటారటగా, వాళ్ళూ కలుస్తారేమో అని నాన్న సంబరపడుతూ వచ్చాడట.

సమాధి దాకా వచ్చి ఆగిపోయాడు.

నేను కెమెరా కంటికి పెట్టుకునే ఉన్నాను. అందుకే దగ్గరగా చూశాను. గ్లాసులు చూశాడు. కేకు చూశాడు. ఇది తన భార్యేనా అన్నట్టు అటూ ఇటూ చెట్లకేసి చూశాడు, మొదటిరోజు నేను చూసినట్టే.  దండ మెడలో వేసుకుని కర్ర పెద్దమ్మకిచ్చాడు. ఒక్కొక్క గ్లాసూ తీసి వంగి ఇసకలో పెట్టడం మొదలెట్టాడు. ఆ మోకాలితో. ఎవరూ సాయం వెళ్ళలేదు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి అందరినీ ఆపింది.

డారిల్ కూతురి చెయ్యి వదిలి పరిగెత్తుకొచ్చాడు. "మొయెరోవా గారూ, మొయెరోవా గారూ, ఒక్క గంట! ఒక్క గంట ఆగండి, మనం మనం ఒకే కుటుంబం..."

నాన్న కేకు రెండు చేతులా ఎత్తి అతని చేతుల్లో పెట్టాడు. జాగ్రత్తగానే పెట్టాడు. తర్వాత గుడ్డ లాగి మడత పెట్టాడు. ఫొటో మీద నీళ్ళు కోటు చేత్తో తుడిచాడు. దండ వేసి, టైల్సు పక్కన ఇసకలో కూచున్నాడు. చుట్టూ చాపలు పరుచుకున్నాయి. పెద్దమ్మ పాట ఎత్తుకుంది.

మా పాటలు విననివాళ్ళకి ఎలా చెప్పను! ఆడవాళ్ళ గొంతు పైకి కోసుకుపోతుంటే, కింద మగవాళ్ళు ఛాతీల్లోంచి తాళం దంచుతారు. ఆ రోజు మగవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారనుకున్నారు? డారిల్ పెట్టిన వంటవాడు, పడవవాడు, ఉకులెలే వాళ్ళు ముగ్గురూ, అందరూ పెద్దమ్మకి ఏదో వరసవాళ్ళే. వాద్యాలు కుర్చీల మీద పెట్టేసి వచ్చి చాపల వెనక నిలబడ్డారు. పాస్టరు నోరు కదులుతోంది గానీ మాట వినబడటం లేదు. కాసేపటికి ఆయనా పుస్తకం మూసి, తల వంచుకుని, గొంతు కలపడం మొదలెట్టాడు. ఆయన పుట్టింది కూడా టిటికవేకాలోనే.

డారిల్ కేకు పట్టుకుని నిలబడిపోయాడు. పెట్టడానికి చోటు లేదు. ఉన్న ఒక్క బల్లా మనిషైపోయింది. కేకు పై అంతస్తు ఎండకి వాలుతోంది, క్రీము చొక్కా మీద మందారాల్లోకి కారుతోంది. నా దగ్గరికి అడుగులు వేశాడు.

"అకైతీ, వాళ్ళు నీ మనుషులు. వెళ్ళమని చెప్పు."

"పనిలో ఉన్నాను డారిల్."

"నా కూతురి పెళ్ళి ఇది!"

"ఫొటోలు బాగా వస్తున్నాయి. కాస్త ఎడంపక్కకి జరగండి, వెలుగు మొహం మీద పడాలి."

నా కళ్ళలోకి చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. నేను కావలసినంతసేపు ఆ మొహం చూశాను.

"మా అమ్మకి కాలక్షేపం," అన్నాను.

బ్రయొనీ గౌను చేత్తో ఎత్తి పట్టుకుని వచ్చింది. తలవైపు రాతి మీద ఫొటో చూసింది, నన్ను చూసింది. మా ఇద్దరి పోలిక ఎవరికైనా తెలుస్తుంది. "మీ అమ్మా?" అంది. అవునన్నాను. తండ్రి వైపు తిరిగింది. "అరుగన్నావు కదా నాన్నా." అంతే అంది. అప్పటి డారిల్ మొహం, ఆ చేతుల్లో వాలిపోయిన కేకు, వెనకాల నలభై తెల్ల టోపీలు. ఆ ఫొటో తీశాను. నా జీవితంలో అంత చక్కగా కుదిరిన ఫొటో ఇంకోటి లేదు.

వాళ్ళు చివరికి అవతలి ఒడ్డున, సాయంత్రం, పదిమంది మధ్య పెళ్ళి చేసుకున్నారు. అక్కడికీ వెళ్ళి తీసిచ్చాను. ఆ పిల్లతో నాకు పేచీ లేదు.

పత్రికలో ఏమీ రాలేదు. దీవిలో మాత్రం ఆ ఫొటోతో అందరి ఫోన్లలోకీ డారిల్ వచ్చాడు. బజారుకొస్తే పిల్లలు చేతులు ముందుకి చాపి, బరువు మోస్తున్నట్టు నడిచేవాళ్ళు. ఎవరూ అతని పనికి రానన్లేదు. మావాళ్ళు కాదనరు. "వస్తాం, రేపే వస్తాం" అనేవాళ్ళు. రేపు పూలమ్మాయికి జ్వరం, పడవవాడి పడవకి చిల్లు, వంటవాడి మేనత్తకి పాటల సాధన. సెప్టెంబరులో ఒక పెళ్ళికి డారిల్ తనే కుర్చీలు మోసి, తనే ఉకులెలే వాయించాడట. వాయించడం రాదట. అది విన్న రోజు నాకు కడుపు నిండింది.

ఇంట్లో మాత్రం ఇంకోలా ఉంది.

పెళ్ళి మర్నాడు చర్చి నుంచి వస్తూ నాన్న అడిగాడు. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మే నుంచి."

"అంటే ఆ గులాబీలప్పుడు..."

"అవును."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే క్షమించేసేవాడివి నాన్నా. అన్నం కూడా పెట్టేవాడివి."

ఆయన కర్ర పొడుచుకుంటూ ముందుకెళ్ళిపోయాడు. ఆ పూట నుంచీ నేను వండింది ముట్టలేదు. పెద్దమ్మ ఇంట్లో తినేవాడు, లేకపోతే డబ్బా మాంసం తెరుచుకుని వసారాలో తినేవాడు. కోప్పడలేదు, అలిగినట్టూ లేడు. నా గిన్నెల వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు. పెద్దమ్మ వచ్చి, "ఏం మనిషివయ్యా, ఆడపిల్ల నీ పెళ్ళాం పరువు కాపాడితే దాని మీదా నీ కోపం?" అని కేకలేసింది. ఆయన చెప్పులు వేసుకుని వల బాగుచేసుకోడానికి వెళ్ళిపోయాడు. నేను చేసింది తప్పని నేననుకోలేదు, ఇప్పటికీ అనుకోను. కానీ రెండు నెలలపాటు ఒక్కదాన్నే తిన్నాను.

అక్టోబరు చివర్లో, సీజను అయిపోయాక, ఒక సాయంత్రం డారిల్ వచ్చాడు. ఇంకా ఎండ పోలేదు. నాన్న వసారాలో డబ్బా ముందేసుకుని కూచున్నాడు. నేను గుమ్మం పక్కన. ఆ పూట చామాకు కొబ్బరిపాలలో ఉడికించాను, చేప వేయించాను. వ్యాను రోడ్డు మీద ఆపి, గేటు లేని మా దడి దగ్గర నిలబడ్డాడు డారిల్. చెవిలో పువ్వు లేదు. చేతిలో ఏదో కాగితం చుట్టిన సీసా ఉంది.

"కియా ఒరానా, మొయెరోవా గారూ," అని మా భాషలో పలకరించాడు.

మా దీవిలో భోజనం వేళ దారిన పోయేవాణ్ణి ఎవణ్ణైనా పిలుస్తారు. "రా, తిను" అనడం మాకు పలకరింపు. పేరు తెలియక్కర్లేదు. మా నాన్న దాన్ని కూడా మించిపోయినవాడు, రోడ్డు మీదకి వెళ్ళి మరీ చెయ్యి పట్టుకు లాక్కొస్తాడు. ఇదిగో అయిపోయింది అనుకున్నాను. నేనిక్కడే కూచుని వాడికి వడ్డించాలి.

"నేను ఒక మాట చెప్పుకుందామని వచ్చాను," అన్నాడు డారిల్. "అది పొరపాటు. మీ మనసు కష్టపెట్టాలని కాదు. మీరు మంచివారని అందరూ..."

నాన్న డబ్బాలోంచి ఒక ముక్క తీసుకున్నాడు. నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు. తల ఎత్తలేదు.

డారిల్ ఆగాడు. మా అలవాట్లు తెలిసినవాడే కదా, ఆ రెండు మాటల కోసం చూస్తున్నాడు. కోళ్ళు అతని కాళ్ళ చుట్టూ తిరిగాయి. సీసా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నాన్న నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ తిన్నాడు.

"పోనీ, ఇంకో రోజు వస్తాను," అన్నాడు డారిల్ చివరికి.  

అతను వ్యాను వైపు తిరిగాక నాన్న మెల్లగా అన్నాడు. "మే నుంచి అన్నావు కదూ."

"అవును నాన్నా."

"ఆ కోపంలో సగం నాదే. అది నా పెళ్ళాం. నన్నడక్కుండా నా సగం కూడా నువ్వే తినేశావు."

 ఆయన డబ్బా పక్కకి నెట్టాడు. ఖాళీ పళ్ళెం నా వైపు జరిపాడు.

"ఆ చామాకు కాస్త ఇలా వెయ్యి. చేప కూడా."

వడ్డించి పక్కనే కూచున్నాను. అవతల వ్యాను మొరాయించి, మొరాయించి, బయల్దేరింది. అది రోడ్డు మలుపు తిరిగేదాకా ఇద్దరం తింటూనే ఉన్నాం, ఎవరం తల ఎత్తలేదు.